పద్నాలుగో చుక్క

రూఫస్ శవం బకింగ్‌హాం కాలువలో గుర్రపుడెక్క ఆకుల కింద దొరికింది.

కాలు జారి పడ్డాడని ముందు రాసుకున్నారు. మెడ వెనక, పుర్రె మొదలయ్యే చోట, సూదిమొన పట్టేంత గాయం ఉందని పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్ చెప్పాక ఆ మాట కొట్టేశారు. ఇరవై తొమ్మిదేళ్ల కుర్రాడు. కోట మండలం చివర, ఇసక దిబ్బల మధ్య ఉన్న తీర సమాచార కేంద్రంలో సిస్టమ్ ఇంజినీరు. వారానికి ఆరు రోజులు సర్వర్ రూమ్‌లో ఉండేవాడు. ఏడో రోజు హెబ్రోను బాప్టిస్టు చర్చిలో పాటలకి కీబోర్డు వాయించేవాడు.

చనిపోయే ముందు అతను హెడ్డాఫీసుకి మూడు ఫిర్యాదులు పంపాడు. మూడింట్లోనూ ఒకటే విషయం. ‘సర్వర్ విపరీతంగా స్లో అవుతోంది. వెనకాల ఏదో ప్రాసెస్ సీపీయూ మొత్తం తినేస్తోంది. పరిశీలించగలరు.’ మూడింటికీ ఒకటే జవాబు వెళ్ళింది. ‘రీస్టార్ట్ చేసి చూడండి.’

నాలుగోది రాయడానికి మనిషి లేడు. అప్పుడు కదిలింది ఫైలు.

*

నెల్లూరులో రొయ్యల మేత గోడౌన్ ఒకటుంది. కింద మేత బస్తాలు, పైన ఒక గది. ఆ గది ఉన్నట్టు గోడౌన్ యజమానికి కూడా సరిగా తెలియదు. గూఢచారి విభాగం చీఫ్ పద్మనాభయ్య అక్కడ కూర్చుని, ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నాడు.

"నీకు సముద్రం తెలుసా, పెంచల్?"

"మాది ఉదయగిరి పక్క సర్. నీళ్లంటే బోరు నీళ్లే."

"పర్లేదు. నీ పని కంప్యూటర్ దగ్గరే. ఆ కేంద్రం సర్వర్లో ఒక దొంగ ప్రాసెస్ నడుస్తోంది. మన గస్తీ నౌకలు ఏ క్షణాన ఎక్కడున్నాయో అది లెక్కకట్టి, రహస్య భాషలోకి మార్చి, మన టవర్ నుంచే సముద్రంలోకి పంపుతోంది."

"ఎవరికి?"

"ఒక బోటుకి. పరాయి దేశం ముఠా. కానీ బోటు చూస్తే మన జాలర్లదే. రంగు మనదే, నంబరు మనదే, దొంగిలించి పెట్టుకున్న, బోటు జాడ చెప్పే ట్రాన్స్‌పాండర్ కూడా మనదే. శ్రీహరికోటకి ఇటుపక్క తీరంలో దించాల్సిన సరుకు అందులో ఉంది. రాకెట్ ఎగరడానికి ఇంకా తొమ్మిది రోజులు. ఆ సరుకు ఏమిటో నేను చెప్పక్కర్లేదు."

"రిజిస్టర్ చూస్తే దొంగ నంబరు దొరకదా సర్?"

"మూడు వందల బోట్లు. సగం చేతులు మారాయి, కాగితాలు మారలేదు. రిజిస్టర్ తిరగేసేసరికి రాకెట్ వెళ్ళిపోతుంది, లేదా అక్కడే పేలిపోతుంది. నౌకని పంపి ఒక్కో బోటునీ సోదా చేద్దామంటే, మన నౌక కదలగానే వాడికి తెలిసిపోతోంది." చీఫ్ కర్చీఫ్ తీశాడు. "ఒక్క మాట గుర్తుపెట్టుకో. ఆ ప్రాసెస్‌ని చంపకు, ముట్టుకోకు. ముట్టుకుంటే అది వాళ్లకి అలారం పంపుతుంది. రూఫస్ ముట్టుకోబోయాడు. మర్నాడు కాలువలో తేలాడు. బోటు ఏదో తెలిసేదాకా అది నడవాల్సిందే."

చీఫ్ ఒక టెస్టర్ స్క్రూడ్రైవర్ ఇచ్చాడు. వెనక బొడిపె నొక్కితే నేరుగా చీఫ్ లైన్ కలుస్తుంది. వేషం, కంప్యూటర్ సర్వీస్ ఇంజినీరు. మారుపేరు అక్కర్లేదన్నాడు. నెల్లూరు జిల్లాలో పెంచల్ అనే పేరు వీధికి ముగ్గురికి ఉంటుంది.

"లోపల మన మనిషి ఉంది. కామాక్షి. డ్యూటీ ఆఫీసరుగా రెండేళ్లు. ఎలుకలున్నాయా అని అడుగు."

*

నవంబరు ఉదయం. గాలి తడిగా, ఉప్పగా ఉంది. గేటు దగ్గర కారు దిగుతూ కనిపించింది కామాక్షి. గంధం రంగు పట్టుచీర, నల్లకళ్లద్దాలు, రెండు గజాల దూరం నుంచే తెలిసే సెంటు. ఎండు చేపల వాసన కొట్టే ఆ దిబ్బల మధ్య ఆమె అలా నడిచి వస్తుంటే సెంట్రీ కూడా నిటారుగా నిలబడ్డాడు.

"సర్వర్ రూమ్‌లో ఎలుకలున్నాయా మేడమ్?" అన్నాడు పెంచల్ టూల్ బ్యాగ్ సర్దుకుంటూ.

"ఎలుకలు లేవు. పందికొక్కులే." ఆమె కళ్లద్దాలు తీసి నవ్వింది. "రండి. రూఫస్ సీటు ఖాళీగానే ఉంది."

సర్వర్ రూమ్‌కి కిటికీల్లేవు. ఫ్యాన్లు పెళ్లి ఊరేగింపులో జనరేటర్‌లా రొద చేస్తున్నాయి. గోడ మీద పెద్ద తెర. తెర మీద నల్లటి సముద్రం, అందులో ఇరవై పచ్చ చుక్కలు. ఒక్కో చుక్క ఆ రోజు సముద్రంలో ఉన్న ఒక బోటు, బోటుకి ఐదుగురు. పక్కనే ఆ బోట్లకి కేంద్రం నుంచి వెళ్ళాల్సిన మెసేజ్‌ల వరస. వరస కదలడం లేదు.

పెంచల్ టాస్క్ మేనేజర్ తెరిచాడు. ఫ్యాన్ల రొద తగ్గింది. సీపీయూ పన్నెండు శాతం. అంతా పద్ధతిగా ఉంది. టాస్క్ మేనేజర్ మూశాడు. పది సెకన్లలో ఫ్యాన్లు మళ్ళీ అందుకున్నాయి. మళ్ళీ తెరిచాడు. మళ్ళీ తగ్గాయి.

‘మాస్టారు వస్తే పుస్తకం తెరిచే రకం’ అనుకున్నాడు. ఎవరైనా చూస్తున్నారని పసిగట్టి పని ఆపేస్తోంది. అందుకే హెడ్డాఫీసు వాళ్లు ఎప్పుడు చూసినా రోగం కనపడలేదు.

కంప్యూటర్ అబద్ధం చెప్పినా కరెంటు చెప్పదు. టేబుల్ కింద యూపీఎస్ ఉంది. దాని చిన్న డిస్‌ప్లేలో లోడ్ ఎంతో పడుతుంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే ముప్పై, మూస్తే డెబ్బై ఎనిమిది. రూఫస్ కూడా ఇది కనిపెట్టినట్టున్నాడు. యూపీఎస్ పక్కన గోడ మీద పెన్సిల్‌తో అంకెలు వేసి ఉన్నాయి. పెంచల్ ఆ అంకెల మీద ఒకసారి వేలు ఆనించాడు.

పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్న వేరే టూల్‌తో లోపలికి తొంగి చూశాడు. ఆ టూల్ సంగతి దొంగకి తెలియదు. దొరికింది. పేరు చూస్తే సాధువు, ప్రింట్ సర్వీస్. తొంభై నాలుగు శాతం సీపీయూ దానిదే.

"ప్రింటర్ ఎక్కడుంది మేడమ్?"

"రిపేరుకి వెళ్ళి రెండేళ్లయింది" అంది కామాక్షి, గోళ్లు చూసుకుంటూ.

పెంచల్ నవ్వలేదు. దాన్ని ముట్టుకోకుండా, రోజూ ఎవరు లేపుతున్నారో చూశాడు. షెడ్యూల్‌లో పెట్టారు. రూఫస్ లాగిన్‌తో పెట్టారు. సెప్టెంబరు పద్నాలుగు, ఉదయం పదిన్నర. సెల్‌ఫోన్లో క్యాలెండర్ తీసి చూశాడు. ఆదివారం.

ఆదివారం పదిన్నరకి రూఫస్ హెబ్రోను చర్చిలో కీబోర్డు ముందున్నాడు. జిల్లాలో ఏ బాప్టిస్టుని అడిగినా చెబుతాడు, ఆ వేళకి కంప్యూటర్ ముందు కూర్చునేవాడు కాదని. దొంగకి రూఫస్ పాస్‌వర్డ్ తెలుసు గానీ రూఫస్ ఆదివారం తెలియదు. గోడకి వేలాడుతున్న డ్యూటీ చార్టు మీద ఆ తేదీకి ఒకటే పేరుంది. కామాక్షి.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి డ్యూటీ చార్టు చూసే అలవాటు ఉండి ఉండదు.

*

పన్నెండూ నలభైకి హెచ్చరిక వచ్చింది. ఉత్తరంగా పోతుందనుకున్న వాయుగుండం తుపానుగా మారి పడమరకి తిరిగింది. సాయంత్రానికి తీరం మీద గంటకి తొంభై కిలోమీటర్ల గాలి. సముద్రంలో ఉన్న బోట్లన్నీ వెంటనే ఒడ్డుకి రావాలి.

మెసేజ్ వరసలో పడింది. పడి, అక్కడే ఆగింది. ముందు దొంగ ప్రాసెస్ కూర్చుని ఉంది. టాస్క్ మేనేజర్ తెరిస్తే పని ఆపుతోంది గానీ టవర్ దారి వదలడం లేదు. అది లేస్తేనే వెనకది కదిలేది.

పెంచల్ సిగరెట్ నెపంతో వరండాలోకి వచ్చి స్క్రూడ్రైవర్ బొడిపె నొక్కాడు. కామాక్షి సంగతి ముందు చెప్పాడు.

"సూదితో చంపడం నేనే నేర్పించాను ఆమెకి" అన్నాడు పద్మనాభయ్య. "తర్వాత?"

"తుపాను సర్. ఇరవై బోట్లు. ఒకటి వాళ్లదనుకున్నా మనవాళ్లు తొంభై ఐదుగురు. ప్రాసెస్ చంపితే హెచ్చరిక వెళ్తుంది."

"అలారం కూడా వెళ్తుంది. వాడు మాయమై వారం తర్వాత ఇంకో చోట దించుతాడు. అప్పుడు పోయేది తొంభై ఐదు కాదు."

"రీస్టార్ట్..."

"రూఫస్‌కి హెడ్డాఫీసు చెప్పింది అదే. ఆన్ కాగానే అది కూడా లేస్తుంది. నాలుగింటికి గస్తీ నౌక తుపానుకి రేవులోకి వచ్చేయాలి. ఆ లోపల నంబరు చెప్పు. చెప్పలేకపోతే... నాలుగింటికి నీ ఇష్టం."

నాలుగింటికి చెబితే నలభై కిలోమీటర్ల దూరం నుంచి ఫైబర్ బోటు గాలికంటే ముందు ఒడ్డు చేరదు. ఆ సంగతి ఉదయగిరివాడికి కూడా తెలుసు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"సారూ." వెనక చీపురు పట్టుకుని చెంచమ్మ నిలబడి ఉంది. కేంద్రంలో ఊడ్చే మనిషి. పక్క పాలెం ఆమెది. "నువ్వు మాట్టాడింది ఇన్నా. నా మొగుడు ముత్యాలయ్య ఆడుండాడు. నా కొడుకు కూడా ఉండాడు."

పెంచల్ స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నాడు.

"వాకీటాకీలో చెప్పలేవా అక్కా?" అన్నాడు.

"చెప్పినా. మా సెట్టు పది కిలోమీటర్లే పోద్ది. దెగ్గరుండే బోటోడు ఇన్న్యాడు. పోయిన వారం గూడా తుపానన్నారు, దానికి ముందు వారం గూడా అన్నారు, యాడొచ్చింది, ఇప్పుడు వల నిండా చేపుండాది పోమ్మా అన్న్యాడు. ముందుండే బోట్లకి చెప్పను గూడా చెప్పలా." ఆమె కళ్లలో నీళ్లు లేవు, భయం ఉంది. "మా మామ కాడికి రా సారూ. ఎనిమిది పాలేలకీ ఆయనే పెద్దకాపు."

*

చిన్నపోలయ్య వయసు ఎనభై ఒకటి. పట్టపు జాలర్ల పాలేల తగువులన్నీ ఆయన ముందే తీరేవి. ఇసకలో బోర్లించిన పాత తెప్ప మీద కూర్చుని వల కుట్టుకుంటున్నాడు. పెంచల్ చెప్పిందంతా విన్నాడు. దొంగ బోటు సంగతి కూడా దాచకుండా చెప్పాడు పెంచల్. అలా చెప్పడం నేరం. ఉద్యోగం పోయే నేరం.

"మీరు సెట్టులో ఆజ్ఞాపిస్తే తిరుగుతారా పెద్దయ్యా?"

"తిరగరు." ముసలాయన దారం కొరికాడు. "మా వోళ్లు సముద్రం మీద ఒకే ఒక కబురుకి తిరుగుతారు నాయనా. పెద్దకాపు చచ్చిపోతే. ఇన్నోడు ఇన్నట్టే వల కోసైనా తిరగాల. తిరిగే ముందు పక్క బోటుకి చెప్పాల. చావు కబురు ఆపినోడి ఇంట్లో పొయ్యి ఎలగదు. మా తాత పోయినప్పుడు సెట్టులు ల్యా, గుడ్డ ఊపుకుంటా ఒకడికొకడు చెప్పుకోని అందరూ ఒచ్చినారు."

చెంచమ్మకి ముందే అర్థమైంది. చెవులు మూసుకుంది.

"ఒద్దు మామా. బతికుండే మనిషి చావు చెప్తే ఆ నోరు కుళ్లిపోద్ది."

"నా చావు నాది. నేనిస్తా ఉండా. నీ నోటికి దోషం లేదు." ఆయన సెట్టు తీసి కోడలి చేతిలో పెట్టాడు. "ఏడువు. బాగా ఏడువు. నీ మొగుడు నమ్మాల."

అప్పుడు తట్టింది పెంచల్‌కి. పంతొమ్మిది బోట్లు తిరుగుతాయి. ఇరవయ్యో బోటులో ఉన్నవాళ్లు రంగు దొంగిలించారు, నంబరు దొంగిలించారు. సెట్టులో ఆ కబురు వాళ్లకీ వినబడుతుంది. విని ఏం చేయాలో మాత్రం వాళ్లకి ఎవరూ నేర్పలేదు.

చెంచమ్మ బొడిపె నొక్కి, ఒక్క క్షణం ఆగి, గుండె పగిలేటట్టు ఏడ్చింది. "ఓ అన్నల్లారా... మా మామ పోయినాడు... పెద్దకాపు చిన్నపోలయ్య పోయినాడు... రాండయ్యా..."

అది నటన కాదు. మొగుడూ కొడుకూ ఇద్దరూ ఆ నీళ్ల మీద ఉండగా ఆమె ఎవరికోసం ఏడ్చిందో ఆమెకే తెలియాలి. పాలెంలో డప్పు మొదలైంది. చిన్నపోలయ్య తన చావు డప్పు వింటూ వల కుట్టుకుంటున్నాడు.

*

రెండున్నరకి తెర మీద ఏ కదలికా లేదు. కామాక్షి కుర్చీలో వెనక్కి వాలి ఉంది.

"బయట ఆ డప్పేంటి?"

"ఎవరో ముసలాయన పోయాడట మేడమ్."

"రోజూ ఎవరో ఒకరు" అంది ఆమె.

రెండూ యాభైకి తీరానికి దగ్గరగా ఉన్న ఒక చుక్క ముక్కు తిప్పింది. తర్వాత ఇంకొకటి. మూడూ పదికి ఏడు. పెంచల్ కేబుళ్లు సర్దుతున్నట్టు నటిస్తూ లెక్కపెడుతున్నాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. మూడున్నరకి పదహారు. అన్నిటికంటే దూరంగా నాలుగు చుక్కలు కదలకుండా ఉన్నాయి. వాటికి కబురు అందలేదా? అందితే మూడు రావాలి. అందకపోతే పదిహేనుమంది అక్కడే మిగిలిపోతారు.

మూడూ నలభై ఒకటి. పదిహేడోది తిరిగింది. వెంటనే పద్దెనిమిదోది. పంతొమ్మిదోది మాత్రం కాసేపు తటపటాయించినట్టు ఆగి, చటుక్కున పడమరకి తిరిగింది.

మిగిలింది ఒకటి. తెర మీద దాని వరస నంబరు పద్నాలుగు. అందరూ తీరానికి పరిగెత్తుతుంటే అది నింపాదిగా దక్షిణానికి పోతోంది.

పెంచల్ స్క్రూడ్రైవర్ నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "పద్నాలుగు సర్. దక్షిణానికి పోతోంది."

"స్క్రూడ్రైవర్ కింద పడెయ్."

కామాక్షి చేతిలో అరచేతిలో పట్టేంత పిస్టల్. ఆమె కూడా తెర చూస్తోంది. ఆమె ముఖంలో కోపం లేదు, లెక్క తప్పినవాళ్ల విసుగు ఉంది.

"అందరూ ఎందుకు తిరిగారు? మెసేజ్ పోలేదే."

"మీకు చెప్పినా అర్థం కాదు మేడమ్. రెండేళ్లున్నారు గానీ ఒక్కరోజు కూడా ఆ పాలెంలోకి వెళ్ళలేదు. రూఫస్‌ని ఎందుకు చంపారు?"

"మంచి కుర్రాడు. మరీ శ్రద్ధ ఎక్కువ." ఎడం చేత్తో కీబోర్డు దగ్గరికి లాక్కుంది. "చేతులు పైకి. రెండు వైపులా జీతం తీసుకుంటే ఒక వైపైనా సమయానికి వస్తుందనుకున్నాను. ఒక్క కీ నొక్కితే మా బోటు తూర్పుకి తిరుగుతుంది. మీ నౌక ఎక్కడుందో కూడా చూసుకుంటూ వెళ్తుంది."

పెంచల్ రెండు చేతులూ పైకెత్తాడు. కాళ్ల గురించి ఆమె ఏమీ అనలేదు. ఆమె వేలు కీ మీదకి వంగుతుండగా అతను బూటుతో యూపీఎస్ స్విచ్ తన్నాడు.

లైట్లు కూడా దాని మీదే ఉన్నాయి, గది చీకటైంది. ఫ్యాన్లు మూలిగి ఆగాయి. దొంగ ప్రాసెస్ అలారం కొట్టే తీరిక లేకుండా చచ్చింది. పిస్టల్ పేలింది. ఎడమ భుజం మీద ఎవరో కొరివి పెట్టినట్టయింది పెంచల్‌కి. ఆ మంటలోనే ఆమె మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. రెండో చేయి జడలోకి పోతోందని సెంటు వాసనని బట్టి తెలిసింది. సూది అక్కడుంది. ఆ చేయి కూడా విరిచి పట్టుకున్నాడు.

సెంట్రీ టార్చితో వచ్చేసరికి ఇద్దరూ రొప్పుతూ నేల మీద ఉన్నారు. మూలకి దొర్లిపోయిన స్క్రూడ్రైవర్లోంచి పద్మనాభయ్య గొంతు వస్తోంది. "నౌక బయల్దేరింది పెంచల్. వాడికి ఇప్పుడు కళ్ళు లేవు. పెంచల్, ఉన్నావా?"

నాలుగు గంటల ఎనిమిది నిమిషాలకి, శ్రీహరికోట వైపు పోతూ, పద్నాలుగో చుక్క దొరికింది. అడుగు చెక్కల కింద ఏముందో పేపర్లలో రాలేదు. రాకూడదు కూడా.

*

ఐదున్నరకి గాలి ఇసకని లేపి ముఖాన కొడుతోంది. బోట్లు ఒక్కొక్కటే ఒడ్డుకి వచ్చి పడుతున్నాయి. సగం బోట్లలో వలల్లేవు, కోసి వదిలేశారు. భుజానికి కట్టుతో పెంచల్ చెంచమ్మ పక్కన నిలబడి లెక్కపెడుతున్నాడు. పదిహేడు. పద్దెనిమిది. పద్దెనిమిది దగ్గర చాలాసేపు ఆగింది. చెంచమ్మ అతని చొక్కా పట్టుకుని ఉంది, పట్టుకున్నట్టు ఆమెకి తెలియదు.

పంతొమ్మిదో బోటు అల మీద అడ్డం తిరిగి, బోర్లాపడబోయి, ఇసకలోకి దూసుకొచ్చింది. ముత్యాలయ్య నడుంలోతు నీళ్లలోకి దూకాడు. వెనకే కొడుకు. చెంచమ్మ వాళ్లకి ఎదురు పోలేదు. పెంచల్ చొక్కా మాత్రం వదిలింది.

ముత్యాలయ్య పెళ్ళాన్ని కూడా చూడకుండా, "నాయనా" అని గుండెలు బాదుకుంటూ పాలెంలోకి పరిగెత్తాడు. చావు కబురు ఆపకూడదు కాబట్టి అది బోట్ల దగ్గర ఆగలేదు. ఎనిమిది పాలేల చుట్టాలూ గాలివానలో ఆటోలెక్కి దండలతో దిగుతున్నారు. వాళ్లందరి మధ్య, నట్టింట్లో మంచం మీద, చిన్నపోలయ్య కూర్చుని టీ తాగుతున్నాడు.

ముత్యాలయ్య గుమ్మంలో ఆగిపోయాడు. ఒంటి మీంచి నీళ్లు కారుతున్నాయి. ఏడుపు కోపంగా మారింది.

"ఇదేంది నాయనా? వల కోసేసినాం. నలభై కిలోమీటర్లు ఏడ్చుకుంటా ఒచ్చినాం. బతికుండి ఇదేం పని నాయనా?"

ముసలాయన కొడుకుని, మనవణ్ణి పైనుంచి కిందకి చూశాడు. ఇద్దరూ పూర్తిగా ఉన్నారు. టీ కప్పు మనవడి చేతిలో పెట్టాడు. బయట కొబ్బరిచెట్టు ఒకటి విరిగిపడిన చప్పుడైంది.

"తెల్లారి నాలుక్కి నీ బోటు కాడ నిలబడి చెప్పినా గదరా, గాలి మళ్లింది, ఈ పొద్దు పోబాకండి అని" అన్నాడు చిన్నపోలయ్య. "ఇన్న్యావా? అదే మాట చచ్చి చెప్తే పరిగెత్తుకోనొచ్చినావు."